అవినీతిపై విద్యార్థులు ఏమంటున్నారు, ఏం చేస్తున్నారు: తెలుసుకోవడం ఎలా?

విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నవారిని "మీరు అవినీతిని వ్యతిరేకిస్తారా?" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. ఆ జవాబులను లెక్కగట్టి, శాతాలు వేసి, రంగుల పటాలతో నివేదిక తయారుచేయడం తేలికే గాని, దానివల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అవుననే చెప్పిన విద్యార్థి హాజరు తగ్గినప్పుడు గుమస్తా చేతిలో ఎంతో కొంత పెట్టి రిజిస్టరు సరిచేయించుకున్నాడా, పక్కవాడు అలా చేయించుకుంటుంటే చూసి ఊరుకున్నాడా, ఫిర్యాదు చేయాలని అనుకొని కూడా వెనక్కి తగ్గాడా అన్నవి ఆ శాతాల్లో కనబడవు. అవినీతిని ఎదుర్కోవడంలో విద్యార్థుల వైఖరినీ నడవడికనూ అధ్యయనం చేయదలచిన అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు, విద్యార్థి సంఘాలకు ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇలాంటి అధ్యయనానికి విలువ వచ్చేది ఒక్క చోటే అని నా అభిప్రాయం: మాటకూ చేతకూ మధ్య దూరం ఎంత ఉందో, ఆ దూరం ఎక్కడ పుడుతోందో అది చూపగలగాలి.

ఆ దూరం గురించిన ఆలోచన పాతదే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ ఒక చైనా జంటతో కలిసి అమెరికా అంతా తిరుగుతూ 251 బసలకు, భోజనశాలలకు వెళ్లాడు. చైనీయులపై విద్వేషం బాగా ఉన్న కాలమైనా ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. ఆరు నెలల తరువాత అవే సంస్థలకు ఉత్తరాలు రాసి "చైనీయులను అతిథులుగా తీసుకుంటారా?" అని అడిగితే, జవాబు రాసినవారిలో తొంభై శాతానికి పైగా తీసుకోమన్నారు. 1934లో అచ్చయిన ఆ పరిశోధనలో మాట చెడ్డది, చేత మంచిది. అవినీతి విషయంలో సాధారణంగా ఇది తలకిందులవుతుంది. ఏ వైపు తిరిగినా, ఒకదాన్ని అడిగి రెండోది తెలిసిపోయిందని అనుకోవడం పొరపాటే.

ముందు తేల్చుకోవలసినవి

చాలా ప్రశ్నావళులు మూడు వేర్వేరు విషయాలను ఒకే గంపలో పోస్తాయి. మొదటిది, అవినీతి పనిని విద్యార్థి ఎంత తప్పుగా భావిస్తున్నాడన్నది. రెండోది, తాను స్వయంగా అలాంటి పనిలో పాలుపంచుకున్నాడా అన్నది. మూడోది, దాన్ని అడ్డుకోవడానికి ఏమైనా చేశాడా అన్నది. అంటే ఇవ్వనని చెప్పడం, రసీదు అడగడం, తోటివారిని హెచ్చరించడం, ఫిర్యాదు రాయడం, విచారణలో సాక్ష్యం చెప్పడం, నలుగురితో కలిసి నిరసన తెలపడం. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయని నమ్మకూడదు. లంచం ఇచ్చినవాడే తరువాత ఫిర్యాదు చేయవచ్చు, ఎందుకంటే నష్టపోయిందీ, వివరాలు తెలిసిందీ అతనికే. ఊరేగింపులో ముందు నడిచినవాడు మరుసటి వారం సిఫారసు ఉత్తరం కోసం తిరగవచ్చు. కాబట్టి మూడింటినీ విడిగా అడగాలి, విడిగానే లెక్కించాలి.

వీటికి ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది, అదే ఎక్కువసార్లు మరుగున పడుతుంది: అసలు అలాంటి సందర్భం ఎదురైందా? ఎవరూ లంచం అడగని విద్యార్థి లంచం ఇవ్వలేదంటే, అది అతని నిజాయతీకి నిదర్శనం కాదు, పరీక్ష ఇంకా ఎదురుకాలేదని మాత్రమే అర్థం. "గత 12 నెలల్లో మీ పని జరగడానికి ఎవరైనా డబ్బు గాని, బహుమతి గాని, మరే ఉపకారం గాని అడిగారా, లేదా ఆశిస్తున్నట్టు తెలియజేశారా?" అన్న ప్రశ్న ముందుగా ఉంటేనే తరువాతి జవాబులకు అర్థం వస్తుంది.

వైఖరి నుంచి చేత వరకు ఉన్న దారిని అర్థం చేసుకోవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఐసెక్ అజెన్ 1991లో విపులంగా వివరించిన సిద్ధాంతం పనికివస్తుంది. మనిషి ఒక పని చేయాలని ఉద్దేశించడానికి మూడు కారణాలు కలవాలని ఆయన అంటాడు: ఆ పనిపై సొంత అభిప్రాయం, తనకు ముఖ్యమైనవారు దాన్ని మెచ్చుతారా లేదా అన్న అంచనా, ఆ పని తనవల్ల అవుతుందన్న నమ్మకం. విద్యార్థుల విషయంలో మొదటిదాన్ని అడిగి ఆగిపోయే అధ్యయనాలే ఎక్కువ. ఫిర్యాదు చేయడం మంచిదేనని అందరూ ఒప్పుకునే చోట ఫిర్యాదులు రాకపోవడానికి కారణాలు మిగిలిన రెండింటిలో ఉంటాయి. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలియకపోతే, ఇచ్చాక మార్కులు పోతాయని భయముంటే, స్నేహితులు ద్రోహిగా చూస్తారని అనుకుంటే, అభిప్రాయం ఎంత గట్టిదైనా అది కదలదు.

పనులను పేరుపెట్టి అడగాలి

తనకు అప్పగించిన అధికారాన్ని సొంత లాభానికి దుర్వినియోగం చేయడమే అవినీతి అని, దానిపై పోరాడే అంతర్జాతీయ సంస్థ ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ నిర్వచిస్తుంది. నిర్వచనంగా ఇది బాగానే ఉంది గాని, ప్రశ్నావళిలో పెట్టడానికి పనికిరాదు. "అవినీతి" అన్న మాట వినగానే విద్యార్థికి మంత్రులు, కాంట్రాక్టులు, నోట్ల కట్టలు గుర్తొస్తాయి. తన సీనియరు దగ్గర కొన్న ప్రాజెక్టు రిపోర్టు, విద్యార్థి సంఘం నిధుల్లోంచి జరిగిన విందు గుర్తుకురావు. కనుక ఆ మాటను ప్రశ్నావళి మొదటి సగంలో వాడకపోవడమే మేలు. పనిని పనిగానే చెప్పాలి: ప్రవేశానికి గాని హాస్టల్ గదికి గాని డబ్బు ఇవ్వడం, రాని తరగతికి హాజరు వేయించుకోవడం, మార్కులు పెంచమని అడిగించడం, సిద్ధాంత గ్రంథం వేరొకరి చేత రాయించడం, అర్హత లేని ఉపకార వేతనానికి తప్పుడు పత్రం పెట్టడం, సంఘం ఎన్నికల్లో బహుమతులు పంచడం, క్లబ్ ఖర్చుల లెక్కలు పెంచి చూపడం.

పరీక్షలో చూసి రాయడాన్ని ఈ జాబితాలో చేర్చాలా వద్దా అన్న చర్చ ఎప్పుడూ వస్తుంది. అడగాలి గాని వేరుగా ఉంచాలని నా సలహా. పక్కవాడి కాగితంలోకి తొంగిచూడటంలో అప్పగించిన అధికారమేదీ లేదు. పర్యవేక్షకుడు డబ్బు తీసుకొని కళ్లు మూసుకుంటే అది అవినీతి అవుతుంది. రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తే, చూసి రాయడం చాలాచోట్ల సాధారణం కాబట్టి, అవినీతి శాతం అమాంతం పెరిగి కనిపిస్తుంది.

పని ఎవరు చేశారన్నది కూడా తేలాలి. 2019లో అమెరికాలో బయటపడిన ప్రవేశాల కుంభకోణంలో ధనిక తల్లిదండ్రులు తమ పిల్లలకు పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్ల కోసం పరీక్ష జవాబులు దిద్దించారు, ఆడని ఆటల్లో క్రీడాకారులుగా చూపించారు. పిల్లల్లో కొందరికి ఆ సంగతే తెలియదు. అలాంటి విద్యార్థిని "మీరు లంచం ఇచ్చారా?" అని అడిగితే లేదనే నిజం చెబుతాడు. అందుకే "మీరు గాని, మీ తరఫున మీ కుటుంబం గాని" అని రెండు గడులు పెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. మార్కులకో, పరిశోధన ఆమోదానికో బదులుగా లైంగికంగా లొంగమని ఒత్తిడి చేయడం కూడా అధికార దుర్వినియోగమే. దాన్ని "ఇచ్చిపుచ్చుకోవడం" జాబితాలో పెట్టి, బాధితురాలిని లంచం ఇచ్చినవారి వరుసలో నిలబెట్టే ప్రశ్న రాయకూడదు. ఆ విషయాన్ని తెలిసిన మనుషులు, సహాయం అందించే ఏర్పాటు లేకుండా సాధారణ సర్వేలో అసలు తాకకపోవడమే మంచిది.

ప్రశ్న రాయడం

రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రవేశపెట్టిన "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అసలు అంగీకరించను" వరకు ఉండే ఐదు మెట్ల కొలత అందరికీ తెలిసిందే. దాంతో వచ్చే చిక్కు కొలతలో లేదు, దాని ముందు పెట్టే వాక్యాల్లో ఉంది. "అవినీతి దేశాభివృద్ధికి గొడ్డలిపెట్టు" అన్న వాక్యానికి అంగీకరించనివారు ఎవరుంటారు? అలాంటి వాక్యాలు పది పెట్టినా విద్యార్థుల మధ్య తేడా కనబడదు. ఒకే వాక్యంలో రెండు సంగతులు ఇరికించడం మరో లోపం. "లంచం తీసుకోవడం, ఇవ్వడం రెండూ తప్పే" అన్నదానికి ఇవ్వడాన్ని మన్నించి తీసుకోవడాన్ని ఖండించే విద్యార్థి ఏం గుర్తు పెట్టాలి?

వీటికన్నా చిన్న సన్నివేశాలు ఎంతో మెరుగు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఒక విద్యార్థినికి ఉద్యోగంలో చేరడానికి పది రోజుల్లో మార్కుల ధ్రువపత్రం కావాలి. నియమం ప్రకారం అది వారంలో రావాలి. దరఖాస్తు చేసి ఇరవై రోజులైనా రాలేదు. కొంత డబ్బిస్తే రేపే ఇప్పిస్తానని కార్యాలయంలో ఒకరు చెప్పారు. ఆమె ఇచ్చింది." దీని కింద నాలుగు ప్రశ్నలు చాలు. ఆమె చేసింది ఎంతవరకు తప్పు? ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? మీ తరగతిలో పదిమందికి ఎంతమంది ఇచ్చి ఉండేవారు? ఈ సంగతి మీకు తెలిస్తే ఏం చేస్తారు? మొదటిది తీర్పును, రెండోది ఉద్దేశాన్ని, మూడోది తోటివారిపై అంచనాను, నాలుగోది ఎదుర్కొనే సంసిద్ధతను పట్టిస్తాయి.

ఇదే సన్నివేశాన్ని సగం మందికి ఒక్క వాక్యం మార్చి ఇస్తే అధ్యయనం ఇంకా పదునెక్కుతుంది. ఆమెకు రావలసిన పత్రం ఆలస్యమైందని కాకుండా, ఆమె ఒక సబ్జెక్టులో తప్పిందనీ, డబ్బిస్తే పాసైనట్టు పత్రం ఇస్తామన్నారనీ రాయండి. మొదటి కథలో తనకు న్యాయంగా దక్కవలసినదాని కోసం ఇచ్చింది, రెండోదాంట్లో దక్కకూడని దాని కోసం. భారత ఆర్థిక శాఖకు ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు 2011లో ఈ తేడానే పట్టుకొని, మొదటి రకం లంచం ఇచ్చినవారిని శిక్షించకూడదని, అప్పుడే వారు ధైర్యంగా ఫిర్యాదు చేస్తారని వాదించారు. ఆ ప్రతిపాదనపై పెద్ద దుమారమే రేగింది. ఆ వాదన ఒప్పుకున్నా మానినా, ఈ రెండు రకాలను వేరుచేయని ప్రశ్నావళి వేధింపుకు లొంగినవారినీ, లాభం కోసం కుమ్మక్కైనవారినీ ఒకే పేరుతో పిలుస్తుంది. డబ్బు మొత్తాన్ని, అడిగినవారి హోదాను, పాత్ర ఆడా మగా అన్నదాన్ని కూడా ఇలాగే మార్చి చూడవచ్చు. అయితే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

ప్రశ్నల వరుస విషయంలో నా పద్ధతి ఇది: చదువు, సంవత్సరం వంటి మామూలు వివరాలతో మొదలుపెట్టి, సన్నివేశాలు, తరువాత అనుభవాలు, చివర మాత్రమే సాధారణ అభిప్రాయాలు. ఆదర్శాలను ముందు అడిగితే, విద్యార్థి తాను రాసిన ఆదర్శాలకు తగినట్టుగా తన అనుభవాలను దిద్దుకుంటాడు. "తెలియదు", "చెప్పదలచుకోలేదు" అన్న రెండు గడులు విడివిడిగా ఉండాలి. రెండో గడిలో ఎక్కువ గుర్తులు పడిన ప్రశ్న భయం ఎక్కడుందో మీకు చెబుతుంది. ముసాయిదాను ముప్పై మందికి ఇచ్చి, ఐదారుగురితో పక్కన కూర్చొని "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?" అని అడిగితే సగం లోపాలు అక్కడే బయటపడతాయి.

దాచుకునే సంగతులను అడగడం

పేరు రాయనక్కరలేదని ఎంత చెప్పినా, తాను లంచం ఇచ్చానని కాగితం మీద గుర్తు పెట్టడానికి చేయి వెనకాడుతుంది. ఈ చిక్కుకు 1965లో స్టాన్లీ వార్నర్ చక్కటి ఉపాయం కనిపెట్టాడు: జవాబులోకి కావాలనే కొంత యాదృచ్ఛికత కలపడం. దాని సులువైన రూపం ఇలా ఉంటుంది. ప్రతి విద్యార్థీ ఎవరికీ కనబడకుండా ఒక నాణెం ఎగరవేస్తాడు. బొమ్మ పడితే ప్రశ్న ఏదైనా సరే "అవును" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. అప్పుడు "అవును" అని ఉన్న కాగితాన్ని చూసి అది నాణెం చెప్పినదో, విద్యార్థి చెప్పినదో ఎవరూ, చివరికి అధ్యయనం చేసేవారు కూడా, చెప్పలేరు. మొత్తం లెక్క మాత్రం తేలుతుంది.

400 మంది పాల్గొన్నారని అనుకుందాం. వారిలో సుమారు 200 మందికి బొమ్మ పడుతుంది, వారంతా అవునని రాస్తారు. మొత్తం "అవును"లు 260 వచ్చాయంటే, మిగిలిన 60 బొరుసు పడిన 200 మంది నుంచి వచ్చినవి. అంటే 30 శాతం. అయితే ఈ రక్షణ ఉచితంగా దొరకదు. 400 మందిని నేరుగా అడిగి 30 శాతం అని తేలితే, ఆ అంచనా సుమారు నాలుగున్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది. నాణెం పద్ధతిలో అదే తొమ్మిది శాతం దాటుతుంది. సమానమైన నిక్కచ్చితనం కావాలంటే నాలుగు రెట్లకు పైగా మనుషులు కావాలి. అందుచేత దీన్ని అన్ని ప్రశ్నలకూ వాడకుండా, బాగా ఇబ్బంది పెట్టే ఒకటి రెండింటికే పరిమితం చేయాలి. ఇంకో లోపమూ ఉంది: ఏ తప్పూ చేయని విద్యార్థి, బొమ్మ పడినా సరే, "అవును" అని రాయడానికి మొరాయిస్తాడు. ఆ మొరాయింపు లెక్కను కిందికి లాగుతుంది. ఎందుకు ఇలా చేస్తున్నామో తరగతిలో ఐదు నిమిషాలు వివరించి, "మీరు నిన్న తలస్నానం చేశారా?" వంటి ప్రశ్నతో ఒకసారి ఆడించి చూపితే అది చాలావరకు తగ్గుతుంది.

నాణెం గందరగోళం అనిపిస్తే జాబితా పద్ధతి వాడవచ్చు. సగం మందికి నాలుగు మామూలు పనుల జాబితా ఇచ్చి, వాటిలో ఎన్ని చేశారో అంకె మాత్రమే రాయమనాలి. మిగతా సగానికి అదే జాబితాలో ఐదోదిగా "మార్కుల కోసం డబ్బు ఇచ్చాను" అన్నది చేర్చాలి. మొదటి గుంపు సగటు 1.9, రెండోది 2.1 అయితే, తేడా 0.2, అంటే 20 శాతం. ఎవరిని ఏ గుంపులో వేయాలన్నది చీటీ వేసి నిర్ణయించాలి. వరుసల ప్రకారం ముందు సగం, వెనుక సగం అని పంచకూడదు. ముందు వరుసలో కూర్చునేవారు వేరే రకం విద్యార్థులు కావచ్చు.

చేతను చేతగానే చూడాలనుకునేవారు ఆటల వైపు వెళ్లారు. సైమన్ గెఖ్టర్, జొనాథన్ షుల్జ్ 23 దేశాల్లో రెండున్నర వేల మందికి పైగా యువతీయువకులతో జరిపి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, పాచికను గిన్నెలో చాటుగా వేసి, పడిన అంకెను తామే చెప్పాలి. ఒకటి నుంచి ఐదు వరకు అంకెను బట్టి డబ్బు వస్తుంది, ఆరుకు ఏమీ రాదు. అందరూ నిజం చెబితే సగటు 2.5 రావాలి, అంతకన్నా ఎంత పెరిగితే అంత అబద్ధం. అవినీతి, పన్ను ఎగవేత, రాజకీయ మోసం ఎక్కువగా ఉన్న దేశాల యువత ఎక్కువగా పెంచి చెప్పారు. అయితే అక్కడ కూడా చాలామంది పూర్తి లాభానికి ఎగబడకుండా, తమ మనసుకు సర్దిచెప్పుకోగలిగినంతే పెంచారు. బెంగళూరు కళాశాల విద్యార్థులతో రెమా హన్నా, షింగ్-యీ వాంగ్ చేసిన ప్రయోగం 2017లో వచ్చింది. పాచికను 42 సార్లు వేయించిన ఆ ప్రయోగంలో ఎక్కువగా పెంచి చెప్పినవారే ప్రభుత్వోద్యోగాన్ని ఎక్కువగా కోరుకున్నారు. డెన్మార్క్‌లో ఇలాంటి ప్రయోగమే చేస్తే ఫలితం ఎదురు తిరిగింది, అక్కడ నిజాయతీపరులే ప్రభుత్వ సేవవైపు మొగ్గారు. విద్యార్థి గుణం గురించి తీర్పు చెప్పే ముందు అతడు చూస్తున్న వ్యవస్థను చూడాలనడానికి ఈ జంట ఫలితాలే చాలు. ఇలాంటి ఆటకు నిజమైన డబ్బు, నైతిక సమీక్ష సంఘం అనుమతి కావాలి గనుక చిన్న అధ్యయనాలకు దీన్ని సిఫారసు చేయను.

ఎవరిని అడగాలి, ఎవరు అడగాలి

సర్వే లింకును వాట్సాప్ గుంపుల్లో పంచి, వచ్చినన్ని జవాబులతో పని కానిచ్చేయడం ఇప్పుడు రివాజుగా మారింది. అవినీతి మీద కోపం ఉన్నవారే అలాంటి లింకులు తెరుస్తారు. అంతకన్నా తరగతుల జాబితా తీసుకొని, చీటీ వేసి కొన్నింటిని ఎంచుకొని, ఆ తరగతిలో ఉన్న అందరికీ కాగితం ఇవ్వడం మంచిది. ఆ రోజు రానివారు తప్పిపోతారు. హాజరు గురించిన ప్రశ్నల్లో ఇది చిన్న లోపం కాదు, కాబట్టి మరో రోజు ఇంకోసారి వెళ్లాలి. మొదటి సంవత్సరం వారినీ చివరి సంవత్సరం వారినీ పోల్చేటప్పుడు తొందరపడకూడదు. ఆక్స్‌ఫర్డ్‌లో వివిధ దేశాల విద్యార్థులతో అబిగెయిల్ బార్, డనీలా సెర్రా జరిపి 2010లో ప్రచురించిన లంచం ప్రయోగంలో, డిగ్రీ విద్యార్థుల నడవడికను వారి స్వదేశంలోని అవినీతి స్థాయిని బట్టి ఊహించగలిగారు, పైచదువుల విద్యార్థుల విషయంలో ఊహించలేకపోయారు. చదువు వారిని మార్చిందా, పైచదువులకు వచ్చినవారే వేరే రకమా అన్న ప్రశ్నకు ఒక్కసారి చేసిన సర్వే జవాబివ్వదు.

ప్రశ్నావళి పంచేటప్పుడు మార్కులు వేసే అధ్యాపకుడు గదిలో ఉండకూడదు. కాగితాలను మడిచి తాళం వేసిన పెట్టెలో విద్యార్థులే వేయాలి. గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ చిరునామాలు నమోదయ్యే ఏర్పాటును ఆపేయాలి. పేరు తీసేస్తే గోప్యత వచ్చేసినట్టు కాదు: విభాగం, సంవత్సరం, వయసు, ఆడా మగా, హాస్టల్ అన్నీ అడిగితే, ఎనిమిది మంది ఉన్న విభాగంలో ఆ మనిషి ఎవరో ఎవరైనా చెప్పేస్తారు. విశ్లేషణకు అవసరం లేని వివరాన్ని అడగవద్దు, పదిమంది కన్నా తక్కువ ఉన్న గడిని నివేదికలో చూపవద్దు. లంచం అడిగినవారి పేర్లు రాయించుకోకూడదు. పేరు తెలిస్తే దానిపై చర్య తీసుకోవలసిన బాధ్యత మీ మీద పడుతుంది, చర్య తీసుకుంటే చెప్పినవారు బయటపడతారు. పేర్లు చెప్పదలచినవారికి ఫిర్యాదు చేసే చోటు ఎక్కడుందో వేరే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి.

జవాబులను చదవడం

అన్ని జవాబులనూ కూడి ఒక విద్యార్థికి ఒక "నిజాయతీ మార్కు" వేయాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. దాన్ని అణచుకోవాలి. తీర్పు, అనుభవం, ఎదిరింపు వేరువేరు కొలతలని మొదటే చెప్పుకున్నాం. ఒక కొలతలోని వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నది చూడటానికి లీ క్రోన్‌బాక్ 1951లో చెప్పిన ఆల్ఫా లెక్కను వాడతారు, 0.7 దాటితే సరిపోతుందని వాడుక.

అసలు ఆసక్తి శాతాల భాగహారంలో ఉంటుంది. 300 మందిలో 70 మంది లంచం ఇచ్చారని తేలిందనుకుందాం. అది 23 శాతం. కాని అడిగించుకున్నవారు 120 మందే అయితే, వారిలో ఇచ్చినవారు 58 శాతం. మొదటి అంకె విశ్వవిద్యాలయంలో అవినీతి ఎంత వ్యాపించిందో చెబుతుంది, రెండోది ఎదురైనప్పుడు విద్యార్థి ఎంత నిలబడగలుగుతున్నాడో చెబుతుంది. ఆ 120 మందిలో ఇవ్వనివారు 50 మంది. వారి పని చివరికి జరిగిందా, ఎన్నాళ్లకు జరిగింది అన్నది తప్పకుండా చూడండి. ఇవ్వకుండా పని జరిపించుకున్నవారు గణనీయంగా ఉంటే, మీ అధ్యయనం మొత్తంలో మిగతా విద్యార్థులకు అన్నిటికన్నా పనికివచ్చే సమాచారం అదే.

తరువాత తోటివారిపై అంచనాను అసలు జవాబులతో పక్కపక్కన పెట్టండి. "నేను ఇవ్వను" అన్నవారు పదికి ఆరుగురు ఉండి, అదే విద్యార్థులు "పదికి ఎనిమిది మంది ఇస్తారు" అని అంచనా వేస్తే, ఆ తేడాకు రెండు అర్థాలు ఉండవచ్చు. తమ గురించి అబద్ధం చెబుతుండవచ్చు, లేదా ఇతరుల గురించి ఉన్నదానికన్నా చెడ్డగా ఊహించుకుంటుండవచ్చు. నాణెం పద్ధతిలో వచ్చిన అంకె ఇక్కడ మధ్యవర్తిగా పనిచేస్తుంది. అది "ఇచ్చేవారు" నలుగురి దగ్గర ఉంటే రెండో అర్థం నిజం, ఎనిమిది దగ్గర ఉంటే మొదటిది.

ఫలితాలను బయటపెట్టడం

శ్రమించి చేసిన అధ్యయనం నష్టం చేయగలిగేది ఈ దశలోనే. "సగం మంది విద్యార్థులు లంచం ఇచ్చారు" అన్న శీర్షిక సంచలనంగా ఉంటుంది గాని, చదివిన విద్యార్థికి అందేది "అందరూ ఇస్తున్నారు, నేనొక్కడినే ఎందుకు నష్టపోవాలి?" అన్న సందేశం. ఇది ఊహ కాదు. నిక్ చీజ్‌మన్, కరిన్ పైఫర్ నైజీరియాలోని లాగోస్‌లో 2,400 మందిపై చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, అవినీతి వ్యతిరేక సందేశాలు చదివినవారు ప్రయోగం కోసం ఆడించిన ఆటలో లంచం ఇవ్వడం తగ్గలేదు; కొన్ని సందేశాల తరువాత పెరిగింది కూడా. కోస్టారికాలో 2016లో వచ్చిన మరో పరిశోధన, అవినీతి పెరుగుతోందన్న సమాచారం ఇచ్చినవారు పోలీసుకు లంచం ఇవ్వడానికి ఎక్కువ సిద్ధపడ్డారని చూపింది. అమెరికాలోని అరిజోనాలో, పాతకాలపు చెట్లు రాళ్లుగా మారి ఉన్న శిలాజ వనంలో రాబర్ట్ చాల్డినీ బృందం పెట్టిన బోర్డులదీ ఇదే కథ: గతంలో ఎంతోమంది శిలాజ కర్ర ఎత్తుకుపోయారని రాసిన బోర్డు ఉన్నచోట, తీసుకెళ్లవద్దని మాత్రమే అడిగిన బోర్డు ఉన్నచోటికన్నా దొంగతనం ఎక్కువైంది.

అంటే నిజాన్ని దాచమని కాదు. అంకెలన్నీ నివేదికలో ఉండాలి, పాలకవర్గానికి అందాలి. విద్యార్థుల ముందు పెట్టే పోస్టరులో మాత్రం మరో నిజాన్ని ముందుకు తేవచ్చు: అడిగించుకున్నవారిలో ఎంతమంది ఇవ్వలేదు, వారి పని ఎలా జరిగింది, తోటివారు మీరనుకుంటున్నంత సులువుగా లొంగడం లేదు అన్నవి. మీ లెక్కల్లో అలాంటి అంకె నిజంగా ఉంటేనే ఈ పని చేయాలి. లేకపోతే నిందారోపణల పోస్టరు వేయకుండా, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో చెప్పే పోస్టరుతో సరిపెట్టుకోవడం మంచిది.

ఫిర్యాదుల విషయంలో మీ ప్రశ్నావళి ఇవ్వవలసిన సమాచారం మరొకటి ఉంది. చూసి కూడా ఫిర్యాదు చేయనివారిని కారణం అడిగినప్పుడు వచ్చే జవాబులకు వేర్వేరు మందులు కావాలి. ఎక్కడ చెప్పాలో తెలియదన్నవారికి ఒక చిరునామా చాలు. చెప్పినా ఏమీ జరగదన్నవారికి, పోయిన సంవత్సరం వచ్చిన ఫిర్యాదులెన్ని, వాటిలో తేలినవెన్ని అన్న లెక్కను పాలకవర్గం ప్రకటించాలి. కక్ష కడతారని భయపడేవారికి ఉపన్యాసాలు పనిచేయవు. జవాబు పత్రాలను వేరొకరి చేత దిద్దించుకునే హక్కు, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి ఉండాలి. 2003 అక్టోబరు 31న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన అవినీతి వ్యతిరేక ఒడంబడిక బోధన, రక్షణ అన్న రెండు అంశాలనూ స్పృశించింది: 13వ అధికరణం విశ్వవిద్యాలయ పాఠ్యాంశాల్లో అవినీతి గురించి బోధించే కార్యక్రమాలను ప్రస్తావిస్తుంది, 33వ అధికరణం సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి రక్షణ గురించి చెబుతుంది. విశ్వవిద్యాలయాలు మొదటిదాన్ని ఉత్సాహంగా అమలు చేసి రెండోదాన్ని మరిచిపోతుంటాయి. ఒక కోర్సు చేర్చడానికి ఖర్చూ తక్కువ, ఎవరికీ ఇబ్బందీ ఉండదు.

ఏ మార్పు చేసినా, ఏడాది తరువాత అవే ప్రశ్నలతో మళ్లీ కొలవాలి. వ్యక్తుల్లో మార్పు తెలియాలంటే రెండు కాగితాలూ ఒకే విద్యార్థివని గుర్తించే ఆధారం కావాలి, అయినా అతనెవరో తెలియకూడదు. ఇందుకు విద్యార్థి చేతనే ఒక సంకేతం తయారుచేయించవచ్చు: అమ్మ పేరులో మొదటి అక్షరం, తాను పుట్టిన తేదీలోని రోజు, చదివిన మొదటి బడి పేరులో చివరి అక్షరం. మూడింటిలో ఏదీ విశ్వవిద్యాలయ రికార్డుల్లో సులువుగా దొరికేది కాకుండా చూసుకోవాలి. పుట్టిన రోజు రికార్డులో ఉంటుందనుకుంటే దాని బదులు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంఖ్యను వాడండి. జతకుదరని కాగితాలు కొన్ని తప్పకుండా మిగులుతాయి. వాటిని పారేయకుండా మొత్తం శాతాల లెక్కలో చేర్చి, వ్యక్తుల మార్పును లెక్కించేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి.